స్లాబ్ మార్చాలా, ఉన్నదాన్నే ఉంచాలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల నాణేల సేకర్తలకు క్రాసోవర్ సలహా

ఒక సంస్థ గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ స్లాబ్‌లో బిగించిన నాణేన్ని ఇంకో సంస్థకు పంపి, వాళ్ల గ్రేడూ వాళ్ల స్లాబూ తెచ్చుకోవడమే క్రాసోవర్. మన దగ్గర దీని గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా రెండు పేర్లే వినిపిస్తాయి: ఎన్‌జీసీ, పీసీజీఎస్. రెండూ అమెరికా సంస్థలే, రెండూ 1980లలో మొదలైనవే, రెండూ 1 నుంచి 70 వరకు ఉండే షెల్డన్ కొలతనే వాడతాయి. అయినా ఒకరు 64 ఇచ్చిన నాణేనికి ఇంకొకరు 63 ఇవ్వచ్చు, 65 కూడా ఇవ్వచ్చు. ఈ తేడా చూసే చాలామందికి స్లాబ్ మార్చాలన్న ఆశ పుడుతుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మన జిల్లాల్లో ఉన్న స్లాబుల్లో ఎక్కువ భాగాన్ని కదపకుండా ఉంచడమే లాభం. మార్చదగినవి కొన్ని ఉంటాయి. వాటిని ఎలా పట్టుకోవాలి, ఏ దారిలో పంపాలి అన్నదే అసలు పని.

గ్రేడు కంటే ముందు వయసు

సంస్థలను పోల్చేముందు నాణెం మీది సంవత్సరం చూడండి. పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, లేదా కేంద్రం అధికారమిచ్చిన సంస్థకు మాత్రమే ఉంది. మామూలు మనిషి పంపితే 25వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. గ్రేడింగ్‌కే పంపుతున్నాం, మళ్లీ తిరిగొస్తుంది కదా అనుకోవడానికి వీల్లేదు. పార్సిల్ మానేసి బంధువుల సూట్‌కేసులో పెట్టి పంపినా అది ఎగుమతే. నాణెం మొదట ఏ దేశం నుంచి కొన్నారన్నది కూడా వయసును మార్చదు.

దీన్ని బ్రిటిష్ ఇండియా రూపాయిలకు వర్తింపజేసి చూడండి. 1840 నాటి విక్టోరియా రూపాయి, 1862 రూపాయి దాని చుక్కల రకాలన్నిటితో సహా, ఎడ్వర్డ్ బొమ్మతో 1903 నుంచి 1910 దాకా వచ్చినవి, మనవాళ్లు పంది రూపాయి అని పిలిచే 1911 జార్జి రూపాయి, అన్నీ నూరేళ్ల గీతకు అవతలే. అయిదో జార్జి రూపాయిల ముద్రణ 1922తో ఆగిపోయింది కాబట్టి ఆయన బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒక్కటి కూడా ఇప్పుడు ఇక్కడి నుంచి వెళ్లే వీల్లేదు. ఆయన అర్ధ రూపాయిలు, పావలాలు 1936 దాకా వచ్చాయి. వాటిలో చివరి సంవత్సరాలవి మాత్రం ఇంకా నూరేళ్లకు ఇవతల ఉన్నాయి. గీత ఏటా ఒక సంవత్సరం ముందుకు జరుగుతుంది: 2026లో 1926 నాణెం అవతలికి వెళ్లిపోతుంది.

అంటే మనకు మిగిలేవి ప్రధానంగా ఇవి: ఆరో జార్జి నాణేలు, అంటే 1938, 1939 రూపాయిలు, 1940 నుంచి 1945 వరకు సగం వెండితో వచ్చినవి, పులి బొమ్మ ఉన్న 1947 నికెల్ రూపాయి, 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు పైసలు, ఆ తర్వాత 1950 నుంచి రిపబ్లిక్ నాణేలు.

నూరేళ్లు దాటిన నాణేనికి క్రాసోవర్ చేయించాలని గట్టిగా ఉంటే దానికి ఒకటే సరైన సమయం ఉంది. అది ఇంకా విదేశంలో ఉన్నప్పుడే. అమెరికా వేలంలో కొన్న ఎడ్వర్డ్ రూపాయిని అక్కడున్న అబ్బాయో అల్లుడో అందుకుంటే, ఇక్కడికి రప్పించకముందే అక్కడి నుంచి అక్కడికే పంపించండి. పోస్టు ఖర్చు తగ్గుతుంది, కస్టమ్స్ ఒక్కసారే ఎదురవుతుంది, చట్టం అడ్డురాదు. ఒకసారి నెల్లూరు చేరాక ఆ తలుపు మూసుకుపోయినట్టే. ఎవరైనా ఏజెంటు "పాతవైనా మేం చేయించిపెడతాం" అంటే, నాణెం భౌతికంగా ఏ ఊరికి వెళ్తుందో రాతపూర్వకంగా అడగండి. దేశం దాటుతుందని తెలిస్తే ఇవ్వకండి.

ఇంకో సంగతి. పొలంలోనో పాత గోడలోనో దొరికిన నాణేల దారే వేరు. 1786లో నెల్లూరు దగ్గర రైతు నాగలికి పాత గుడి ఇటుకల కింద కుండ తగిలి, ట్రాజన్, హేడ్రియన్ కాలపు రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటిలో చాలా భాగం పాత బంగారం లెక్కన అమ్ముడై కరిగిపోయింది. చరిత్రకు మిగిలింది కొన్నే. ఇప్పుడు 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది. అలా దొరికినవాటి గురించి జిల్లా కలెక్టరుకు తెలపాలి. గ్రేడింగ్ మాట ఆ తర్వాతే.

ఉన్న దారులు నాలుగు

మొదటిది, ఏమీ చేయకుండా ఉంచడం. రెండోది, స్లాబ్‌లో ఉండగానే రెండో సంస్థకు క్రాసోవర్ కింద పంపడం. మూడోది, స్లాబ్ పగలగొట్టి విడి నాణెంగా పంపడం. నాలుగోది, సంస్థ మార్చకుండా పాత సంస్థకే రీగ్రేడ్‌కు పంపడం. అమెరికాలో అయిదో దారి కూడా ఉంది, గ్రేడు బాగుందని స్లాబ్ మీద సీఏసీ అనే ఇంకో సంస్థ స్టిక్కర్ వేయించుకోవడం. కానీ ఆ స్టిక్కర్ అమెరికా నాణేల కోసం పెట్టింది. మన రూపాయిలకు దాని ఆలోచన వద్దు.

రెండో దారిలో పెద్ద రక్షణ ఒకటి ఉంది. ఫారంలో కనీస గ్రేడు రాయొచ్చు. "63కి తగ్గితే మార్చకండి" అని రాస్తే, వాళ్లకు 63 అనిపించకపోతే పాత స్లాబ్ పగలకుండా అలాగే తిరిగొస్తుంది. ఫీజు మాత్రం తిరిగి రాదు. నష్టం అంతవరకే. దీనికి ఎదురు లోటు ఏమిటంటే, పరీక్షించేవాళ్లు ప్లాస్టిక్‌లోంచే చూడాలి. గీతలు పడ్డ స్లాబ్ నాణెం మెరుపును దాచేస్తుంది, అంచు సరిగా కనబడదు. అనుమానం వచ్చినచోట వాళ్లు "కాదు" వైపే మొగ్గుతారు. అందుకే పంపేముందు స్లాబ్ పైన ఉన్న సన్నని గీతలను ప్లాస్టిక్ పాలిష్‌తో, మెత్తని బట్టతో తగ్గించడం పనికొస్తుంది. అతుకుల దగ్గర ద్రవం పోయకూడదు, లోపలికి దిగుతుంది.

మూడో దారిలో ఆ రక్షణ పూర్తిగా పోతుంది. పగలగొట్టిన క్షణం నుంచి అది గ్రేడు లేని నాణెం. పాత సంస్థ ఇచ్చిన హామీ ఆ స్లాబ్‌తోనే ముగుస్తుంది. రెండో సంస్థ దానికి 62 ఇచ్చినా, "కడిగినది" అని, అంకె గ్రేడు లేకుండా లోపం మాత్రం రాసే డీటెయిల్స్ స్లాబ్‌లో పెట్టినా, మీరు ఒప్పుకోక తప్పదు. లాభం ఒక్కటే: నాణేన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురులో తిప్పి చూస్తారు, పాత అంకె వాళ్ల కళ్ల ముందుండదు. ఏళ్ల తరబడి నాణేలు చూసి, గ్రేడును తామే చెప్పగలిగినవాళ్లకు తప్ప ఈ దారిని మేం సూచించం.

నాలుగో దారిని మనవాళ్లు పట్టించుకోరు గానీ, మీ ఫిర్యాదు అంకె మీదే అయితే చాలాసార్లు అదే సరైనది. గ్రేడు పెరగాలన్నదే కోరికైతే సంస్థ మారాల్సిన అవసరమేముంది?

ఎన్‌జీసీనా, పీసీజీఎస్‌నా

భారత నాణేల విషయంలో ఎన్‌జీసీ స్లాబులే మార్కెట్లో ఎక్కువగా కనిపిస్తాయి. కొనేవాళ్లు ధర పోల్చుకోవడానికి ఆ సంస్థ స్లాబుల పాత అమ్మకాలే ఎక్కువ దొరుకుతాయి. కాబట్టి ఎన్‌జీసీలో ఉన్న మామూలు ఆరో జార్జి రూపాయిని పీసీజీఎస్‌కి మార్చడానికి కారణం వెతుక్కోవాల్సిందే.

ఆ కారణాల్లో గట్టిది పీసీజీఎస్ రిజిస్ట్రీ. ఆ పోటీ జాబితాలోకి వాళ్ల స్లాబులే వెళ్తాయి. మీ సెట్ మొత్తం పీసీజీఎస్‌లో ఉండి ఒక్క నాణెం ఎన్‌జీసీలో ఉంటే మార్చుకోవడంలో అర్థముంది. రెండో కారణం, మొదటి స్లాబు అంత పేరులేని సంస్థది కావడం. అలాంటి లేబుల్ మీద 66 అని ఉన్నా కొనేవాడు దాన్ని విడి నాణెంగానే లెక్కగడతాడు. కానీ అలాంటివాటిని క్రాసోవర్ కింద తీసుకుంటారో లేదో ముందే తెలుసుకోవాలి. ఏయే సంస్థల స్లాబులను ఒప్పుకుంటారో రెండు సంస్థలూ తమ సైట్లలో రాస్తాయి. జాబితాలో లేకపోతే విడి నాణెంగా పంపడమొక్కటే మార్గం.

గుర్తులు కూడా చూసుకోండి. చూపుకి ప్రత్యేకంగా అందంగా ఉన్న నాణేలకు ఎన్‌జీసీ లేబుల్ మీద నక్షత్రం వేస్తుంది. పీసీజీఎస్‌లో ఆ గుర్తు లేదు. నక్షత్రమున్న నాణేన్ని మారిస్తే నక్షత్రం పోతుంది, దానికి ఇచ్చిన అదనపు ధర కూడా పోతుంది. తన గ్రేడులో పైవరసలో ఉన్న నాణేనికి ఇచ్చే ప్లస్ గుర్తు రెండు చోట్లా ఉంది, కానీ దానంతట అది బదిలీ కాదు. 64 ప్లస్ నాణేనికి కనీస గ్రేడు 64 అని రాస్తే ప్లస్ లేకుండా 64గా మారిపోవచ్చు. ప్లస్ కావాలంటే ఫారంలో ప్లస్‌తోనే రాయాలి.

చిల్లు పైసలు, పావు అణాలు లాంటి రాగి, కంచు నాణేలకు రంగు ముఖ్యం. మొదటి ఎరుపు దాదాపు 95 శాతం నిలిచి ఉంటే ఆర్‌డీ (రెడ్), 5 నుంచి 95 శాతం దాకా ఉంటే ఆర్‌బీ (రెడ్ బ్రౌన్), అంతకంటే తక్కువైతే బీఎన్ (బ్రౌన్). స్లాబ్ గాలి చొరబడని డబ్బా కాదు. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో పదేళ్లున్న ఆర్‌డీ నాణెం ఇప్పుడు ఆర్‌బీ అయి ఉండొచ్చు. పాత లేబుల్ మీద ఇంకా ఆర్‌డీ అనే ఉంటుంది. దాన్ని కొత్త సంస్థ ముందు పెడితే తగ్గించిన రంగే చేతికొస్తుంది.

ఏ నాణెం దాటుతుంది

నాణెం తన గ్రేడులో పైవరసలో ఉందా, కింది వరసలో ఉందా అన్నదే ప్రశ్న. 63లో కూడా మంచి 63, కష్టపడి 63 అయినవీ ఉంటాయి. కష్టపడి అయినవి రెండో సంస్థ స్లాబ్‌లోకి దాటవు. వాటికి ఫీజు కట్టడం దండగ.

చూసే పద్ధతి ఇది. ట్యూబ్‌లైటు ఆపేయండి. ఒక్క బల్బు ఉన్న టేబుల్ లైటు కింద నాణేన్ని ఏటవాలుగా తిప్పండి. ముద్ర తాజాగా ఉంటే వెలుగు చక్రంలా చుట్టూ తిరుగుతుంది. ఎత్తైన భాగాల మీద ఆ వెలుగు తెగితే, అక్కడ అరుగుదల ఉందన్నమాట. ఆరో జార్జి రూపాయిలో చెవి పైన జుట్టు, కనుబొమ, కిరీటంలోని రాళ్లు చూడండి. అయిదో జార్జి నాణేలైతే మీసం, చెవి, కిరీటం, దుస్తుల మీది ఏనుగు. 1940 తర్వాతి సగం వెండి రూపాయిల్లో ముద్ర బలహీనంగా పడడం మామూలే, దాన్ని అరుగుదలగా పొరబడకండి: అరిగినచోట మెరుపు చచ్చి బూడిదరంగు కనిపిస్తుంది, బలహీనంగా పడినచోట మెరుపు మిగులుతుంది.

ఆ తర్వాత పది రెట్ల భూతద్దంతో నాణెం మీద బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ భాగం చూడండి. ఒకే దిశలో సన్నని వెంట్రుకల్లాంటి గీతలుంటే ఎవరో తుడిచారు. మన ఇళ్లలో వెండిని చింతపండుతో, విభూతితో, టూత్‌పేస్టుతో తోమడం అలవాటు. ఆ నాణేలు తళతళలాడతాయి గానీ వెలుగు చక్రం తిరగదు. కాసుల పేరు నుంచి, మెడ గొలుసు నుంచి విడదీసినవాటికి అంచున పన్నెండు గంటల స్థానంలో టంకం మచ్చ ఉంటుంది. ఆచారి వీధిలో ఎంత నైపుణ్యంగా అరగదీయించినా గ్రేడింగ్ బల్ల మీద అది దొరికిపోతుంది. శరాఫులు కొట్టిన చిన్న ముద్రలు కూడా అంతే. ఇలాంటివి ఒక సంస్థలో డీటెయిల్స్ అయితే, ఇంకో సంస్థలో అంకె వస్తుందని పంపకండి. కారణం నాణెం మీదే ఉంది.

1939 రూపాయి ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. చాలా అరుదు, నకిలీలు విస్తారం. పేరున్న స్లాబ్‌లో ఉన్నదాన్ని పగలగొట్టకండి. అక్కడ గ్రేడు కంటే అసలుదన్న హామీయే విలువ.

పంపేముందు స్లాబే అసలుదా కాదా చూడండి. నకిలీ స్లాబులు చాలా ఉన్నాయి. లేబుల్ మీది నంబరును సంస్థ సైట్లో వెతికితే సంవత్సరం, రకం, గ్రేడు సరిపోవాలి. అంతటితో ఆగకండి, నకిలీలు చేసేవాళ్లు నిజమైన నంబరునే కాపీ కొడతారు. సైట్లో ఫోటో ఉంటే మీ నాణెం మీది ఒక్కో గాటూ ఆ ఫోటోలో ఉండాలి.

లెక్క వేసుకోండి

ఊహించి ఒక ఉదాహరణ చూద్దాం. మీ నాణేనికి ఇప్పటి స్లాబ్‌లో ధర రూ. 40,000. అదే గ్రేడుతో రెండో స్లాబ్‌లో రూ. 48,000 పలుకుతుందని పాత అమ్మకాలు చెబుతున్నాయి. ఫీజు, హ్యాండ్లింగ్, రానూపోనూ ఇన్సూరెన్స్ పార్సిల్, కస్టమ్స్ పని కలిపి రూ. 7,000. దాటితే మిగిలేది వెయ్యి. దాటకపోతే పోయేది ఏడు వేలు. ఎనిమిది వేల తేడాకు ఏడు వేల ఖర్చంటే, నూటికి 88 సార్లు దాటితే తప్ప అసలు కూడా రాదు. అంత నమ్మకంగా దాటే నాణేలు ఎన్ని ఉంటాయి?

ఫీజు నాణెం విలువను బట్టి మారుతుంది, దాటితే విలువలో కొంత శాతం అదనంగా తీసుకునే పద్ధతీ ఉంది. పంపే రోజున ఫారం వెనక ఉన్న నిబంధనలు చదివి లెక్క మళ్లీ వేయండి. 1969 గాంధీ శతజయంతి పది రూపాయల వెండి నాణెం లాంటివి, అందంగా ఉన్నా విరివిగా దొరికేవి. వాటి విలువ ఈ ఖర్చును మోయదు.

నాలుగైదు నాణేలు కలిపి పంపితే పార్సిల్ ఖర్చు పంచుకోవచ్చు. నెల్లూరు వాళ్లకు చెన్నై, ఒంగోలు వాళ్లకు విజయవాడ, హైదరాబాదు డీలర్లు దీనికి దారి. సభ్యత్వం లేనివాళ్లు సంస్థ గుర్తించిన డీలరు ద్వారానే పంపాలి. ఆ డీలరు పేరు సంస్థ సైట్లోని జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి.

పగలగొట్టక తప్పకపోతే

రెండు వైపులా, లేబుల్‌తో కలిపి ఫోటోలు తీయండి. మందమైన తువ్వాలు మడిచి బల్ల మీద పరవండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. స్లాబ్‌ను మందపాటి పాలిథీన్ కవరులో పెట్టి, నాణేనికి దూరంగా లేబుల్ వైపు ఉన్న మూలలను కటింగ్ ప్లయర్‌తో కొద్దికొద్దిగా కొరకండి. రెండు మూలలూ విరిగాక అతుకులో సన్నని స్క్రూడ్రైవర్ పెట్టి మెలితిప్పితే రెండు పలకలు విడిపోతాయి. నాణెం లోపలి తెల్ల చట్రంలో ఉంటుంది. చట్రాన్ని వంచి నాణేన్ని అంచులతోనే పట్టుకుని తీయండి.

సుత్తితో నడిమధ్య కొట్టకండి, రంపంతో కోయకండి, పలకలను వేడి చేయకండి. ఎసిటోన్ పోసి ప్లాస్టిక్ కరిగిద్దామన్న ఆలోచన అన్నిటికంటే చెడ్డది, కరిగిన జిగురు నాణేనికే అంటుకుంటుంది. తీశాక తుడవకండి. పీవీసీ లేని మైలార్ ఫ్లిప్‌లో పెట్టండి. మెత్తని పీవీసీ కవర్లు మన వేడికి కొన్ని నెలల్లోనే పచ్చని జిడ్డు దించుతాయి. పాత లేబుల్ కాగితాన్ని పారేయకుండా పాత సంస్థకు తిరిగి పంపండి. లేకపోతే వాళ్ల లెక్కల్లో ఆ గ్రేడులో లేని నాణెం ఇంకా ఉన్నట్టే మిగిలి, సేకర్తలందరినీ తప్పుదారి పట్టిస్తుంది.

పార్సిల్, తిరిగి వచ్చాక

స్లాబ్ మీద నేరుగా టేపు అంటించకండి. ఒక్కోదాన్ని మెత్తని కవరులో, ఆపైన బబుల్ రేపర్‌లో చుట్టి, గట్టి అట్టపెట్టెలో కదలకుండా సర్దండి. పెట్టె బయట "నాణేలు" అని రాయక్కర్లేదు. కస్టమ్స్ డిక్లరేషన్‌లో మాత్రం నాణెమని, సంవత్సరం, విలువతో సహా ఉన్నదున్నట్టు రాయాలి. విలువ తగ్గించి రాస్తే పార్సిల్ పోయిన రోజున ఇన్సూరెన్స్ కూడా అంతే ఇస్తుంది. సాధారణ అంతర్జాతీయ పోస్టులో నాణేలు పెట్టకూడదు, ఇన్సూర్ చేసిన పార్సిల్‌లోనే. ప్రైవేటు కొరియర్లు చాలావరకు నాణేలను ఇన్సూరెన్స్ నుంచి మినహాయిస్తాయి, ముందే రాతపూర్వకంగా అడగండి. వెళ్లేటప్పటి కాగితాలు, ఫోటోలు, పాత నంబర్లు అన్నీ ఉంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఇది మనం పంపిన సొత్తేనని కస్టమ్స్‌కు చూపాల్సినవి అవే.

చేతికందిన రోజే లేబుల్ చదవండి. సంవత్సరం, టంకశాల, రకం, లోహం, గ్రేడు, అన్నీ. బొంబాయి ముద్రను కలకత్తా అని రాయడం, రీస్ట్రైక్ (పాత సంవత్సరంతో తర్వాత మళ్లీ ముద్రించినది) అన్న మాట వదిలేయడం లాంటి తప్పులు జరుగుతుంటాయి. లేబుల్ తప్పును సంస్థ సరిచేస్తుంది, కానీ వెంటనే ఫోటోతో రాయాలి. ఆ తర్వాత స్లాబులను సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టి స్టీలు బీరువాలో ఉంచండి. నాఫ్తలీన్ ఉండలు, రబ్బరు బ్యాండ్లు పక్కన వద్దు. తుపాను నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, జెల్ రంగు నెలకోసారి చూసి మార్చండి.